చెంబు కింద కాగితం

కవ్వం తాడు లాగుతూనే నాగలక్ష్మమ్మ వసారాలోకి ఒక చూపు వేసింది. ఐదుగురు వచ్చి కూర్చున్నారు. కుండలో ఉన్న పెరుగు ఐదుగురికి చాలదు. మేత లేక ఇంటి ఆవుల్లో రెండు అప్పుడే వట్టిపోయాయి. చెంబెడు నీళ్లు పోసి, కాస్త ఆగి, ఇంకో అర చెంబు పోసింది. పల్చదనం తెలియకుండా ఉప్పు, నలిపిన కరివేపాకు కొంచెం ఎక్కువే వేసి తాడు మళ్లీ అందుకుంది.

వసారా గోడకు నాలుగు ఫోటోలు. మొదటిది బయ్యన్నది, ఈ ఊరికి పంచాయతీ వచ్చినప్పుడు మొదటి సర్పంచి. పక్కన ఆయన కొడుకు గంగాధరప్ప. ఆ పక్కన గంగాధరప్ప పెద్దకొడుకు రాఘవేంద్ర, నాగలక్ష్మమ్మ మొగుడు. నాలుగోది కొత్త మేకు కొట్టి తగిలించి ఎనిమిది నెలలైంది. అందులో పట్టుచీర కట్టుకొని, మెడలో బంతిపూల దండతో నవ్వుతున్నది ఆమె తోడికోడలు ప్రశాంతి.

ఆ ఫోటో కిందే, పచ్చ ప్లాస్టిక్ కుర్చీలో ప్రశాంతి కూర్చుంది. పేపరు మడిచి ఒళ్లో పెట్టుకొని, ఎదురుగా నిలబడిన ముసలాయనను పలకరించింది.

"కూర్చో పెద్దనాయనా. ఏం పని మీద వచ్చినావు?"

నాగలక్ష్మమ్మ చేతిలో తాడు ఆగింది. ఆయన వరసకు పెద్దనాయన కాడు, మామ అవుతాడు. ముసలాయన ఇబ్బందిగా తల గోక్కున్నాడు. లోపలి నుంచి ఒక్క మాట అందిస్తే సరిపోయేది. మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆమె దాన్ని మింగి, వెన్న తీయడానికి కుండ ముందుకు లాక్కుంది.

ఆ ఇంట్లో ఒక వాడుక ఉంది. పని మీద వచ్చినవాళ్లు ఎవరైనా సరే ఇత్తడి చెంబుతో మజ్జిగ తాగుతారు. తాగాక ఖాళీ చెంబును వంటింటి గడప మీద పెట్టి, తమ కాగితం దాని కింద పెట్టి పోతారు. బయ్యన్నకు చదువు రాదు, ఆయన భార్య ఓబులమ్మకు వచ్చు. చెంబు తీసుకోవడానికి వచ్చినట్టు వచ్చి ఆమె కాగితం తీసుకొని, చదివి, అన్నం దగ్గర మొగుడికి చెప్పేది. బయట అంతా సర్పంచే చదివినట్టు నడిచిపోయేది. తర్వాతి సర్పంచులు చదువుకున్నవాళ్లే అయినా చెంబు చోటు మారలేదు. గోడ మీద ఓబులమ్మ ఫోటో లేదు. పదిహేనేళ్లుగా ఆ చెంబు ఎత్తుతున్నది నాగలక్ష్మమ్మ.

అందరూ తాగి వెళ్లాక బయమ్మ వచ్చింది. రెండు మైళ్ల అవతలున్న ఎర్రదొడ్డి నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది, పాదాలు మడమల దాకా ఎర్రమట్టి. వసారాలో ఆగకుండా నేరుగా వంటింటి గడప దగ్గరికి వచ్చి కూలబడింది. చెంబు ఎత్తి గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"కరువు కరువంటారు గానీ, నీ మజ్జిగలో మాత్రం నీళ్లకు కరువు లేదు తల్లీ."

"తాగినాక వంకలు పెడతాండావా? తెల్లగుండేది చూసి సంతోషపడు."

బయమ్మ పళ్లు లేని నోటితో నవ్వింది. "జ్యోతి యాడ? కనపడదే. నా చేతిలో పడిన బిడ్డ."

"బళ్లోకి పోయినాది."

జ్యోతి నాగలక్ష్మమ్మకు మూడో కూతురు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత, వసారా కుర్చీలో కూర్చునే మనవడు కావాలని మామ పట్టుబడితే పుట్టింది, అదీ తొంభై ఏడులో. పోయిన ఏడాది సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చినప్పుడు ఊరంతా నాగలక్ష్మమ్మ పేరే అనుకుంది. తీరా చూస్తే, తొంభై అయిదు తర్వాత మూడో బిడ్డను కన్నవాళ్లు పోటీకి పనికిరారన్నారు. కుర్చీ కోసం కన్న బిడ్డే కుర్చీకి అడ్డమైంది. ఒకే బిడ్డ తల్లి ప్రశాంతి నామినేషన్ వేసింది.

బయమ్మ నడుము దగ్గరి మడతలోంచి కాగితం తీసింది. చెమటకు మెత్తబడింది. కింద వరసగా నీలం వేలిముద్రలు.

"మా ఎర్రదొడ్డిలో బోరు పోయినాది తల్లీ. వంకలో చెలమ తవ్వుకొని తాగుతాండాము, గిన్నెడు ఊరేదానికి గంట పడతాది. ట్యాంకరు పోయే ఊర్ల పట్టీ రాస్తాండారంట, సోమవారం ఆఖరంట. మా పేరు ఎక్కల్ల. ఇరవై రెండిండ్లు, ఇంటికొక వేలు."

"ఆడ సర్పంచి కూర్చోనుండాది గదా. ఆమె చేతికే ఇయ్యొచ్చు గదా."

"ఆ బిడ్డ కొత్త." బయమ్మ ఖాళీ చెంబు గడప మీద పెట్టి, కాగితం దాని కింద జాగ్రత్తగా జరిపింది. "ఈడ పెట్టినామంటే పని అయినట్లే. నువ్వుండావు, ఇంక నాకు భయం లేదు."

ఎండలో వచ్చినవాళ్లకు మజ్జిగ దిగినట్టు ఆ మాట నాగలక్ష్మమ్మ గుండెలోకి చల్లగా దిగింది. బయమ్మ వెళ్లాక కాగితం తీసి రెండుసార్లు చదివింది. ప్రశాంతికి ఇద్దామని గడప దాటబోతుంటే ఇంటి ముందు జీపు ఆగింది.

గోరంట్ల మండలాఫీసు నుంచి ఆఫీసరు వచ్చాడు. గంగాధరప్ప పంచె సర్దుకుంటూ ఎదురెళ్లాడు. నాగలక్ష్మమ్మ కాగితం చేత్తోనే పట్టుకొని టీకి నీళ్లు పెట్టింది. వసారాలో ప్రశాంతి గొంతు వినిపిస్తోంది.

"కొత్తకుంటలో బోరు నూట ఎనభై అడుగుల్లో ఎండిపోయినాది సార్. మిట్టపల్లిలో చేతిపంపు ఉండాది గానీ, తెల్లారి పది బిందెలు వస్తే మళ్లీ మాపటికే. చెరువు కింద ఇండ్లకు మాత్రం ఇంకో నెల ఫర్వాలేదు."

ప్రతి మాటా నాగలక్ష్మమ్మదే. మొన్న రోటి దగ్గర పచ్చడి నూరుతూ, ప్రశాంతి అడిగితే చెప్పింది. ఆ పది బిందెల లెక్క కూడా తనదే. మిట్టపల్లి దావన పోతూ పంపు దగ్గర నిలబడి చూసింది తను.

"మేడం గారికి పంచాయతీ మొత్తం కంఠతా ఉందే!" అన్నాడు ఆఫీసరు.

"మా ఇంటి కోడలు సార్. మా నాయన కాలం నుంచి ఈ ఇంట్లో అట్లే." గంగాధరప్ప గొంతు పొంగిపోయింది.

టీ పొంగి పొయ్యిలో పడింది. నాగలక్ష్మమ్మ గిన్నె దించి, తడి చెయ్యి తుడుచుకొని, పైఅరలోంచి కందిపప్పు బేడల డబ్బా తీసింది. పంచాయతీ ముద్ర, సిరా దిండు బేడల మీద ఒక పాత గుడ్డలో చుట్టి ఉంటాయి. అదీ ఓబులమ్మ నాటి చోటే. ఆ చుట్ట పక్కకు తీసి, కాగితాన్ని బేడల్లోకి, చెయ్యి మణికట్టు దాకా మునిగేంత లోతుగా దించింది. బేడలు చదును చేసి చుట్ట మళ్లీ పైన పెట్టింది.

అడిగితే ఇస్తాను, అనుకుంది. అడగనీ.

* * *

శనివారం ప్రశాంతి వంటింట్లోకి వచ్చి, డబ్బా ముందు గొంతుక్కూర్చుని నెత్తి కొట్టుకుంది.

"అక్కా, ముద్ర మళ్లీ అలికినట్లు పడినాది. ఇది మూడో కాగితం."

నాగలక్ష్మమ్మ చూసింది. అక్షరాలు కలిసిపోయి ఊదారంగు ముద్దైంది. చెప్పకుండా ఊరుకోవచ్చు. పాడైన ముద్రలతో కాగితాలు గోరంట్లకు పోతే ఆఫీసులో నవ్వుకునేది ఆమెను చూసే. కానీ అలాంటి ముద్ర చూస్తూ చేతులు కట్టుకొని కూర్చోవడం నాగలక్ష్మమ్మ వల్ల కాలేదు.

"ఇట్ల తే. దిండు మీద అద్దినాక మొదటి దెబ్బ పాత పేపరు మీద కొట్టాల. ఎక్కువ సిరా దానికి పోతాది. రెండో దెబ్బ కాగితం మీద. నొక్కొద్దు. ఆనించి తియ్యి, అంతే."

ప్రశాంతి అట్లే చేసింది. ముద్ర గుండ్రంగా, ప్రతి అక్షరమూ విడివిడిగా పడింది. ఆమె చిన్నపిల్లలా కాగితం ఎత్తి వెలుతురులో చూసుకుంది.

"నువ్వు లేకుంటే నా గతి ఏమక్కా!"

ఆ నవ్వు ఫోటోలోని నవ్వే. దాన్లో కపటం ఏదన్నా ఉందేమోనని నాగలక్ష్మమ్మ ఎనిమిది నెలలుగా వెతుకుతోంది. ఒక్కసారి దొరికినా ప్రాణం తేలికపడేది. డబ్బా మూత ఆమే పెట్టి, ఆమే పైఅరలోకి ఎత్తింది.

ఆదివారం ప్రశాంతి అడగలేదు. నాగలక్ష్మమ్మ బేడలు పైపైన తీసి పప్పు చేసింది. కాగితం తగలకుండా వేళ్లు ఎక్కడ ఆపాలో ఆమెకు తెలుసు.

సోమవారం పొద్దున ప్రశాంతి మొగుడు, మరిది ఓబిలేష్ మోటారు సైకిలు వాకిట్లోకి తెచ్చి తుడుస్తున్నాడు. ప్రశాంతి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని వంటింటి గడప దగ్గరికి వచ్చింది. ఇస్త్రీ చేసిన నూలుచీర, చేతికి గడియారం. ఆ గడియారం పెండ్లిలో పెట్టిందే, అయినా సర్పంచి అయ్యాకే రోజూ కడుతోంది.

"అక్కా, ఈ పొద్దే ఆఖరు. పట్టీలో మూడు ఊర్లు రాసినా, కొత్తకుంట, మిట్టపల్లి, మన హరిజనవాడ. చెంబు కింద ఇంకేమన్నా కాగితాలు వచ్చినాయా?"

అడిగింది. అడిగితే ఇస్తానని కదా అనుకుంది.

నాగలక్ష్మమ్మ పిండి కలుపుతోంది. చేతులు ముద్దలో ఉన్నాయి. తల ఎత్తకుండానే అంది, "ఏముంటాయి? వచ్చింటే ఇయ్యనా?"

"సరే అక్కా. పోయొస్తా."

మోటారు సైకిలు కదిలిన చప్పుడుకు నాగలక్ష్మమ్మ లేచింది. పిండి చేతులతోనే డబ్బా దించి, బేడల్లో చెయ్యి పెట్టి, కాగితం కొన పట్టుకుంది. వీధి వాకిలి దాకా వెళ్లింది కూడా, డబ్బా మూత ఒక చేతిలో, కాగితం ఒక చేతిలో. మలుపు దగ్గర దుమ్ము ఇంకా లేచి ఉంది. కేకేస్తే వినపడేది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న తలారి పుల్లన్న, "ఏందమ్మా, ఏమన్నా మరిచి పోయినారా?" అన్నాడు.

"ఏమీ లేదులే."

కాగితం మీద పిండి వేళ్ల గుర్తులు పడ్డాయి. లోపలికి వచ్చి, దులిపినా అవి పోకపోతే, మళ్లీ బేడల్లోనే పెట్టింది.

* * *

బుధవారం నుంచి ట్యాంకరు తిరగడం మొదలుపెట్టింది. సాయంత్రం పుల్లన్న వచ్చి వసారా మెట్టు మీద కూర్చుని చెప్పాడు.

"ఎర్రదొడ్డి ఆడోళ్లు దావకు అడ్డం నిలబడినారంటప్పా. డ్రైవరు పట్టీ తీసి చూసి, మీ ఊరి పేరు లేదమ్మా అన్యాడంట. దుమ్ము రేపుకుంటా పోయినాడంట."

"దొడ్డి పేరు యాల లేదు?" అన్నాడు రాఘవేంద్ర. "వాళ్ల బోరు బాగుండాదా?"

"అడిగినోళ్లు ఎవరూ లేరే," అంది ప్రశాంతి అయోమయంగా. "ఒక్క కాగితం కూడా రాలేదు."

నాగలక్ష్మమ్మ పెరట్లో ఆవుకు ఎండు సొప్ప వేస్తోంది. మాటలన్నీ వినపడ్డాయి. ఉన్న మేతంతా అయిపోయినా ఆమె లోపలికి రాలేదు. ఆవు నాలుక చాపి ఖాళీ చేతులు నాకింది. ఆ సాయంత్రం వంట ప్రశాంతే చేసింది. పప్పు చేసింది.

మర్నాడు పొద్దు పొడవకముందే దొడ్డి ఆడవాళ్లు వచ్చారు. పదిహేడు మంది. ఎవరూ అరవలేదు. తెచ్చిన బిందెలు, కడవలు ఇంటి ముందు ఒక్కొక్కటే బోర్లించారు. వరసగా బోర్లించిన బిందెల మధ్య బయమ్మ నిలబడింది. గంగాధరప్ప అరుగు మీదికి రమ్మన్నా రాలేదు.

"కూర్చో బయమ్మా. ముందు మజ్జిగ తాగు."

"వద్దప్పా. మీ ఇంటి మజ్జిగ చాలా తాగినా." బయమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "మీ నాయన కరువులో ఈ వాకిట్లో నుంచే బండి కట్టి మాకు నీళ్లు పంపినాడు. నేను ఇంతబిడ్డ. ఆ బండి వెనకాల పరిగెత్తి, కారే నీళ్లు దోసిట పట్టుకొని తాగినా. ఇప్పుడు ట్యాంకరు మా మొగాన దుమ్ము కొట్టి పోయినాది. అడక్కుండా ఉంటిమా? కాగితం ఇచ్చినా గదా."

"ఎవరికిచ్చినావు?"

"ఎప్పుడూ ఇచ్చే చోటే. చెంబు కింద."

అందరి తలలూ వంటింటి వైపు తిరిగాయి. నాగలక్ష్మమ్మ చెంబు పట్టుకొని గడపలో నిలబడి ఉంది. చెంబు నిండా మజ్జిగ. ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుంది.

బయమ్మ ఆమె వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. తిరిగి ప్రశాంతి మీదికి వేలు చూపించింది.

"ఆ తల్లి తీసుకున్నాది. తీసుకుంటే ఇచ్చే ఉంటాది, ఇన్నేండ్లలో ఒక్క కాగితం పోగొట్టినామె కాదు. నువ్వే మరిచింటావు."

"పేపరు చదివేదానికి తీరిక ఉంటాది గానీ..." వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఫోటో దిగేదానికి పట్టుచీరలు, మాకేమో చెలమలో బురద!"

ప్రశాంతి లేచి నిలబడింది. ఆమె కూడా గడప వైపు చూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది నాగలక్ష్మమ్మకు. కోడి ఒకటి బోర్లించిన బిందె ఎక్కి, జారి, దిగింది. ఇప్పుడు చెప్తుంది, అనుకుంది. చెప్పనీ.

"అవునవ్వా," అంది ప్రశాంతి. "అక్క ఇచ్చినాది. నేనే యాడో పెట్టి మరిచిపోయినా. తప్పు నాదే."

ఒక్కసారిగా మాటలు లేచాయి. తిట్లు లేచాయి. గంగాధరప్ప చేతికర్ర నేలకేసి కొట్టి కోడలి వైపు తిరిగాడు. "మూడు తరాలమ్మా! మూడు తరాల్లో ఈ వాకిట్లో ఇట్లాంటి మాట పడింది లేదు. పెద్దామె ఇల్లు చూసుకుంటా కూడా అన్నీ గుర్తు పెట్టుకుంటాది. నీకుండే ఒక్క పని..."

ప్రశాంతి తల వంచుకొని నిలబడింది. చెవుల కొనలు ఎర్రబడ్డాయి. ఎనిమిది నెలలుగా నాగలక్ష్మమ్మ రోటి దగ్గరా, కవ్వం దగ్గరా, నిద్ర పట్టక పక్క మీదా ఊహించుకున్నది సరిగ్గా ఇదే. పదిమందిలో ఆమె తల వంచుకోవాలని. మామ నోట తన పేరు గొప్పగా రావాలని. రెండూ జరిగాయి. చెంబులో మజ్జిగ అంచు మీదుగా కారి మణికట్టు మీద పడింది.

"పది గంటల బస్సుకు కాగితం గోరంట్లకు పోతాది," అంది ప్రశాంతి తల ఎత్తి. "అంతవరకు మా తొట్టిలో ఉండే నీళ్లు నింపుకోండి."

బయమ్మ వంగి తన బిందె ఎత్తుకుంది. ఖాళీగానే ఎత్తుకుంది. మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు ఎత్తుకొని నడిచారు.

* * *

వాకిలి ఖాళీ అయ్యాక నాగలక్ష్మమ్మ వంటింట్లోకి వచ్చి డబ్బా దించింది. చెయ్యి పెట్టబోయి ఆగింది. వెతకాల్సిన పని లేదు. కాగితం బేడల మీదే ఉంది.

కింద ఒక పాత పేపరు ముక్క. దాని మీద అలికినట్టు పడిన ఊదా ముద్ర. కాగితం మీద, ఇరవై రెండు వేలిముద్రల కింద, రెండో దెబ్బ. గుండ్రంగా, ప్రతి అక్షరమూ విడివిడిగా. పక్కన ప్రశాంతి సంతకం. సంతకం కింద నిన్నటి తేదీ.

నిన్నటిది. పప్పుకు బేడలు తీసినప్పుడే దొరికిందన్నమాట. అంటే, వాళ్లు వచ్చేసరికి ఆమెకు తెలుసు. గడప వైపు చూసినప్పుడు తెలుసు.

కాగితం అంచు మీద ఎండిన పిండి వేళ్ల గుర్తులు అట్లే ఉన్నాయి. ఎవరూ వాటిని తుడవలేదు.

వెనక కవ్వం చప్పుడైంది. ప్రశాంతి కుండ ముందు కూర్చుని తాడు లాగుతోంది. చేతులు కుదరక కవ్వం కుండ అంచుకు తగులుతోంది. గడియారం తీసి గూట్లో పెట్టింది. నాగలక్ష్మమ్మ వైపు చూడలేదు. చూడకుండానే, "నీళ్లు ఎంత పొయ్యాల అక్కా?" అంది.

నాగలక్ష్మమ్మ వెళ్లి చెంబుతో నీళ్లు ముంచి కుండలో పోసింది. ఇంకో అర చెంబు పోయబోయి, పోయకుండా తొట్టిలో వంచేసింది. ఇత్తడి చెంబు తెచ్చి ప్రశాంతి మోకాలి పక్కన పెట్టింది.

చీర కుచ్చిళ్లు సర్దుకుంది. పెరటి దోవన పోయే అలవాటు ఆమెది. ఈసారి గడప దాటి వసారాలోకి వచ్చింది. గంగాధరప్ప కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. రాఘవేంద్ర ఖాళీగా ఉన్న పచ్చ కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు.

"యాడికే?" అన్నాడు. ఆమె చేతిలో విప్పి పట్టుకున్న కాగితం, దాని మీది ఊదా ముద్ర కనపడ్డాయి. "ఏం కాగితమది? నాగలక్ష్మీ, ఏం కాగితం?"

బస్సు ఊరి చావడి దగ్గర ఆగుతుంది. అక్కడ తప్పినా, ఎర్రదొడ్డి మలుపు దగ్గర ఎక్కొచ్చు. దూరంగా ఎర్రమట్టి దావ మీద ఖాళీ బిందెల వరస ఇంకా కనిపిస్తోంది, అందరికంటే చివర బయమ్మ కుంటుతూ పోతోంది. గబగబా నడిస్తే అందుకోవచ్చు. నాగలక్ష్మమ్మ మెట్లు దిగి, చావడి వైపు తిరగకుండా, కాగితం మడవకుండా ఆ దావన నడిచింది.